స్కిజోఫ్రీనియాలో జన్యు వ్యక్తీకరణ మార్పులు: బహిరంగ డేటాతో ప్రాజెక్టు చేసే విద్యార్థికి సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బయోటెక్నాలజీ, జువాలజీ, బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్న విద్యార్థి చివరి సెమిస్టరు ప్రాజెక్టుకు స్కిజోఫ్రీనియాను ఎంచుకుంటే, మనిషి మెదడు కణజాలం మనకెక్కడ దొరుకుతుందన్నదే మొదట ఎదురయ్యే సందేహం. కణజాలం అక్కర్లేదు. మరణానంతరం దానంగా అందిన మెదళ్ల నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ కొలతలను పరిశోధకులు ఇరవై ఏళ్లకు పైగా బహిరంగ భాండాగారాల్లో ఉంచుతూ వస్తున్నారు. వాటిని దించుకొని, ఎనిమిది జీబీ మెమరీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీద, ఉచితంగా లభించే ఆర్ భాషతో విశ్లేషించవచ్చు. కావలిలో కూర్చున్నా, మార్కాపురంలో కూర్చున్నా ఈ పని చేయడానికి అడ్డేమీ లేదు.

డేటా దొరకడం తేలిక. అందులో కనిపించిన మార్పు నిజంగా జబ్బుకు సంబంధించినదేనా అని తేల్చుకోవడమే కష్టం. చనిపోయిన మనిషి మెదడులో ఒక జన్యువు ఆర్‌ఎన్‌ఏ మట్టం తగ్గిందంటే, అది జబ్బు వల్ల కావచ్చు, ఏళ్ల తరబడి వాడిన మందుల వల్ల కావచ్చు, మరణానికి ముందు పడిన యాతన వల్ల కావచ్చు, లేదా ఆ ముక్కలో ఒక రకం కణాలు తక్కువగా రావడం వల్ల కావచ్చు. అందువల్ల ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం, జబ్బులా కనిపించే ఇతర కారణాలను ఒక్కొక్కటిగా ఎలా విడదీయాలన్న దానికే కేటాయించాను.

పని మొదలుపెట్టే ముందు తెలిసి ఉండవలసినది

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం స్కిజోఫ్రీనియా ప్రపంచంలో సుమారు 2.4 కోట్ల మందికి, అంటే దాదాపు 300 మందిలో ఒకరికి ఉంది. సాధారణంగా యవ్వనారంభంలో బయటపడే ఈ జబ్బులో లేని మాటలు వినిపించడం, గట్టి భ్రమలు, ఆలోచన చెదరడం, మనుషులకు దూరంగా ముడుచుకుపోవడం వంటి లక్షణాలు ఉంటాయి. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఈ జబ్బులో వారసత్వపు వాటాను సుమారు 80 శాతంగా లెక్కగట్టాయి. అంత వాటా ఉన్నా దీనికి కారణమైన ఒకే ఒక్క జన్యువంటూ లేదు. 2014లో అంతర్జాతీయ కన్సార్టియం మానవ జన్యుపటంలో 108 స్థానాలను గుర్తించింది. 2022 నాటికి 76,755 మంది రోగుల సమాచారంతో ఆ సంఖ్య 287కు చేరింది.

ఈ స్థానాల్లో అత్యధికం ప్రోటీను నిర్మాణాన్ని మార్చే చోట్ల లేవు. జన్యువు ఎప్పుడు, ఎక్కడ, ఎంత మోతాదులో పనిచేయాలో నిర్ణయించే నియంత్రణ ప్రాంతాల్లో ఉన్నాయి. కాబట్టి వాటి ప్రభావాన్ని వెతకవలసింది ఆర్‌ఎన్‌ఏ మట్టాల్లోనే. జన్యు వ్యక్తీకరణను, అంటే ఒక జన్యువు నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ తయారవుతోందన్న దానిని కొలిచే అధ్యయనాలకు ఈ జబ్బులో ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం ఇదే.

ఇంతవరకు పదేపదే కనిపించిన ధోరణులు కొన్ని ఉన్నాయి. గాబా అనే నిరోధక రసాయనాన్ని తయారుచేసే ఎంజైముకు చెందిన జీఏడీ1 జన్యువు ఆర్‌ఎన్‌ఏ ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో, అంటే మెదడు ముందు భాగపు పై పొరలో తగ్గుతుందని 1995 నుంచి నివేదికలు ఉన్నాయి. 2000లో పిట్స్‌బర్గ్‌లో కారొలీ మిర్నిక్స్, డేవిడ్ లూయిస్ తదితరులు మైక్రోఅరేలు, అంటే వేల జన్యువుల ఆర్‌ఎన్‌ఏను ఒకేసారి కొలిచే చిప్‌లు వాడి, నాడీసంధి వద్ద సంకేతాన్ని విడుదల చేసే యంత్రాంగానికి చెందిన జన్యువులు తగ్గినట్లు చూపారు. మరుసటి సంవత్సరమే మరో బృందం నాడీతంతువులను చుట్టి ఉండే మైలిన్ పొరకు సంబంధించిన జన్యువుల తగ్గుదలను ప్రకటించింది. ప్రాజెక్టు ప్రశ్నను ఈ మూడు ధోరణుల్లో ఒకదాని నుంచి తీసుకోవడం మంచిది.

మొదటి మెట్టు: ప్రశ్నను కుదించి కాగితం మీద పెట్టడం

"స్కిజోఫ్రీనియాలో ఏయే జన్యువులు మారుతాయి?" అన్నది ప్రాజెక్టు ప్రశ్న కాదు, దానికి వందల మెదళ్లు, పెద్ద బృందాలు కావాలి. చిన్న డేటాతో సమాధానం వెతకదగిన ప్రశ్న ఇలా ఉండాలి: "డార్సోలేటరల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో గాబా నాడీకణాలకు చెందిన జీఏడీ1, పీవీఏఎల్‌బీ (పార్వాల్బుమిన్), ఎస్‌ఎస్‌టీ (సొమాటోస్టాటిన్) జన్యువుల ఆర్‌ఎన్‌ఏ రోగుల్లో తక్కువగా ఉందా? ఉంటే, మందులు, పీహెచ్, కణాల పాళ్లు లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ తేడా నిలుస్తుందా?"

మెదడులోని ప్రాంతం, జన్యువుల పేర్లు, తేడా ఏ దిశలో ఉంటుందని మీరు ఆశిస్తున్నారు, ఏ గణాంక పరిమితిని అంగీకరిస్తారు అన్న నాలుగింటినీ డేటా దించుకోకముందే నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. గైడుగారి సంతకం తీసుకుంటే ఇంకా మంచిది. ఫలితాలు చూశాక ప్రశ్నను వాటికి తగినట్లు మార్చుకునే బలహీనత మంచి పరిశోధకులకు కూడా ఉంటుంది కాబట్టి ఈ కట్టుబాటు అవసరం.

రెండవ మెట్టు: డేటాను ఎంచుకోవడం

అమెరికా ప్రభుత్వ జీవశాస్త్ర సమాచార కేంద్రమైన ఎన్‌సీబీఐ 2000 సంవత్సరం నుంచి నిర్వహిస్తున్న జియో భాండాగారంలో జీఎస్ఈ53987 అన్న సంఖ్యతో ఒక సంపుటి ఉంది. స్కిజోఫ్రీనియా, బైపోలార్, తీవ్ర కుంగుబాటు రోగులవీ, ఆరోగ్యవంతులవీ అయిన మెదళ్లలో ప్రీఫ్రంటల్ కార్టెక్స్, హిప్పోక్యాంపస్, స్ట్రయేటమ్ అన్న మూడు ప్రాంతాల నుంచి తీసిన మొత్తం 205 నమూనాలు ఇందులో ఉన్నాయి. వాడినది యాఫిమెట్రిక్స్ యు133 ప్లస్ 2.0 అనే మైక్రోఅరే చిప్. వయసు, లింగం, పీహెచ్, మరణానికీ మెదడు తీయడానికీ మధ్య గడిచిన గంటలు, ఆర్‌ఎన్‌ఏ నాణ్యత సూచిక వంటి వివరాలు ప్రతి నమూనాకూ ఇచ్చారు. విద్యార్థికి ఈ సంపుటి అనువైనదని చెప్పడానికి ఆ వివరాలే కారణం. వివరాల పట్టిక లేని డేటా ఎంత పెద్దదైనా దానిని పక్కన పెట్టండి.

ఫలితాన్ని సరిచూసుకోవడానికి రెండో సంపుటిని కూడా ఇప్పుడే నిర్ణయించుకోవాలి. అదే చిప్ మీద, ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోని బ్రాడ్‌మన్ 46వ ప్రాంతంలో ఆస్ట్రేలియా బృందం చేసిన జీఎస్ఈ21138 ఇందుకు సరిపోతుంది. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ ముడి ఫైళ్ల జోలికి వెళ్లవద్దు. వాటి పరిమాణం ఇంటి ఇంటర్నెట్‌కూ, ల్యాప్‌టాప్‌కూ మించినది. జన్యురూప వివరాలు కలిసి ఉన్న పెద్ద డేటాకు సంస్థ తరఫున అనుమతి దరఖాస్తు పెట్టాలి. ఒక సెమిస్టరులో అది తేలే పని కాదు. పేర్లు తొలగించిన బహిరంగ డేటానే వాడుతున్నా, అది మనుషుల నుంచి వచ్చినదే కనుక కళాశాల నైతిక కమిటీకి ఒక లేఖ ద్వారా తెలియజేయడం పద్ధతి.

మూడవ మెట్టు: కొలతల కన్నా ముందు మనుషుల పట్టికను చదవడం

ఆర్ భాషలో జీవశాస్త్ర విశ్లేషణ ప్యాకేజీల ఉచిత సంకలనమైన బయోకండక్టర్‌లోని జియోక్వెరీ ప్యాకేజీతో డేటా దించగానే చాలామంది నేరుగా జన్యువుల వైపు వెళ్తారు. అలా చేయకుండా, నమూనాల వివరాల పట్టికను విడిగా తీసి ఒక పూట దానితోనే గడపండి. ఒక్కో వరుస ఒక్కో మనిషిది. ఉదాహరణకు ఒక వరుసలో వయసు, లింగం, 6.3 పీహెచ్, 20 గంటల వ్యవధి, 7.5 నాణ్యత సూచిక ఉన్నాయనుకుందాం. మరణానికి ముందు శరీరం ఎక్కువసేపు ఆక్సిజన్ అందక, జ్వరంతో, ఊపిరి ఆడక బాధపడితే మెదడులో ఆమ్లత్వం పెరిగి పీహెచ్ తగ్గుతుంది. అలాంటి మెదళ్లలో మైటోకాండ్రియాకు సంబంధించిన జన్యువుల ఆర్‌ఎన్‌ఏ తగ్గి, ఒత్తిడికి స్పందించే జన్యువుల ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది. హఠాత్తుగా గుండె ఆగి చనిపోయిన వ్యక్తి మెదడులో ఈ మార్పులు అంతగా కనిపించవు. ఇప్పుడు రోగుల వరుసల్లో సగటు పీహెచ్ తక్కువగా ఉండి, ఆరోగ్యవంతుల్లో ఎక్కువగా ఉంటే, రెండు గుంపులనూ పోల్చగానే మైటోకాండ్రియా జన్యువులు "స్కిజోఫ్రీనియాలో తగ్గాయి" అన్న ఫలితం రాక తప్పదు. ఆ ఫలితం మనిషి ఎలా చనిపోయాడో చెబుతోంది. ఎలా జబ్బుపడ్డాడో చెప్పడం లేదు. తొలినాటి నివేదికల్లో కొన్నింటి మీద ఈ అభ్యంతరమే వచ్చింది.

కాబట్టి పట్టికలోని ప్రతి వివరానికీ రెండు గుంపుల సగటులను, విస్తృతిని పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ తేడా కనిపిస్తే ఆ వివరం మీ గణాంక నమూనాలో తప్పనిసరిగా ఉండాలి. ఒకే మనిషి మెదడు నుంచి మూడు ప్రాంతాల నమూనాలు వచ్చాయన్న విషయం కూడా ఇక్కడే గమనించాలి. మూడింటినీ కలిపి ముగ్గురు వేర్వేరు మనుషులుగా లెక్కిస్తే నమూనాల సంఖ్య అబద్ధంగా పెరుగుతుంది. ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నమూనాలను మాత్రమే విడదీసి, స్కిజోఫ్రీనియా, ఆరోగ్యవంతులు అన్న రెండు గుంపులతో పని చేయండి. ఒక్కో గుంపులో ఇరవై మందికి మించి మిగలరు.

తరువాత లింగ పరీక్ష చేయాలి. స్త్రీలలో మాత్రమే బలంగా కనిపించే ఎక్స్‌ఐఎస్‌టీ, వై క్రోమోజోము మీది ఆర్‌పీఎస్4వై1 జన్యువుల విలువలను ఒకదానికొకటి ఎదురుగా గీస్తే నమూనాలు రెండు స్పష్టమైన గుంపులుగా విడిపోతాయి. పట్టికలో పురుషుడని ఉన్న నమూనా స్త్రీల గుంపులో పడితే ఎక్కడో చీటీలు తారుమారైనట్లే. దానిని తీసివేసి, ఎందుకు తీసివేశారో నివేదికలో రాయండి.

నాలుగవ మెట్టు: నాణ్యత, సాధారణీకరణ

అల్లూరు, విడవలూరు, బోగోలు వైపు పీసీఆర్ ల్యాబుల్లో పని చూసిన విద్యార్థులకు ఈ విషయం త్వరగా బోధపడుతుంది. రొయ్య సీడులో తెల్లమచ్చల వైరస్ కోసం చేసే పరీక్ష డీఎన్‌ఏను వెతుకుతుంది. నమూనా ల్యాబుకు చేరడం కొంత ఆలస్యమైనా డీఎన్‌ఏ ఓర్చుకుంటుంది. అదే రొయ్యలో ఆర్‌ఎన్‌ఏను కొలవాలంటే చెరువు గట్టు మీదనే ఐసులోనో, నిల్వ ద్రావణంలోనో వేయకపోతే ఎంజైములు దానిని ముక్కలు చేస్తాయి. మనిషి మెదడు విషయంలో ఆ ఆలస్యం గంటల్లో ఉంటుంది. ఎవరూ దానిని పూర్తిగా తప్పించలేరు.

పైగా అన్ని జన్యువుల ఆర్‌ఎన్‌ఏ ఒకే వేగంతో క్షీణించదు. బాల్టిమోర్‌లోని లీబర్ సంస్థ పరిశోధకులు మెదడు ముక్కలను గది ఉష్ణోగ్రత వద్ద వదిలి, ఏ ఆర్‌ఎన్‌ఏ ఎంత వేగంగా క్షీణిస్తుందో కొలిచి, 2017లో ఒక దిద్దుబాటు పద్ధతిని ప్రతిపాదించారు. నాణ్యత సూచిక ఒక్కదానిని గణాంక నమూనాలో చేర్చినంత మాత్రాన క్షీణత ప్రభావం మొత్తం తొలగిపోదని ఆ పని వల్ల తేలింది. ఆ పద్ధతి సీక్వెన్సింగ్ డేటాకు ఉద్దేశించినది. చిప్ డేటాలో దానికి బదులుగా ఎస్‌వీఏ ప్యాకేజీ ద్వారా దాగి ఉన్న అంశాలను అంచనా వేసి వాడవచ్చు.

చిప్ ముడి కొలతలు ఉండే సీఈఎల్ ఫైళ్లు దించుకుంటే ఆర్‌ఎంఏ పద్ధతితో నేపథ్య సవరణ, సాధారణీకరణ, ప్రోబుల (చిప్ మీద ఒక్కో జన్యువు ఆర్‌ఎన్‌ఏను పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కల) సమీకరణ మూడూ ఒకేసారి పూర్తవుతాయి. విలువలు రెండు ఆధారంగా గల లాగరిథమ్‌లో వస్తాయి. సిద్ధం చేసిన పట్టికనే వాడితే విలువలు లాగరిథమ్‌లో ఉన్నాయో లేవో ముందుగా చూసుకోవాలి. ఎక్కువ విలువలు 2 నుంచి 15 మధ్య ఉంటే లాగరిథమ్‌లో ఉన్నట్లే, వేలల్లో ఉంటే లేనట్లే. ఆ తరువాత వేల జన్యువుల తేడాలను కొద్ది అక్షాలుగా కుదించే ప్రధానాంశ విశ్లేషణ గీసి, మొదటి రెండు అక్షాలను జబ్బు రంగుతో ఒకసారి, పీహెచ్ రంగుతో ఒకసారి, నాణ్యత సూచిక రంగుతో ఒకసారి చూడండి. జబ్బు రంగులు కలగాపులగంగా ఉండి, నాణ్యత రంగులు వరుసగా పేర్చినట్లు కనిపిస్తే కంగారు పడవద్దు. ఈ రంగంలో సాధారణంగా కనిపించేది అదే, దాచకుండా నివేదికలో పెట్టవలసిన మొదటి చిత్రం కూడా అదే.

ఐదవ మెట్టు: గణాంక నమూనా

లిమ్మా ప్యాకేజీలో ప్రతి ప్రోబుకు ఒక సరళరేఖా నమూనా వేస్తారు: వ్యక్తీకరణను జబ్బు, వయసు, లింగం, పీహెచ్, మరణానంతర వ్యవధి, నాణ్యత సూచికల మొత్తంగా రాస్తారు. మెదడు నమూనాలు తక్కువ కనుక వివరాలన్నింటినీ చేర్చాలన్న ఆశ పనికిరాదు. ముప్ఫై చిల్లర నమూనాలకు ఐదారు వివరాలకు మించితే లెక్క బలహీనపడుతుంది. పీహెచ్, నాణ్యత సూచిక, వయసు, లింగం అన్న నాలుగింటికి ప్రాధాన్యం ఇవ్వాలని నా అభిప్రాయం.

ఈ చిప్ మీద సుమారు 54,675 ప్రోబుసెట్లు ఉన్నాయి. ఏ మార్పూ లేకపోయినా, పీ విలువ 0.05 కన్నా తక్కువ అన్న గీత పెడితే 2,700కు పైగా ప్రోబులు కేవలం యాదృచ్ఛికంగా ఆ గీత దాటుతాయి. అందుకే తప్పుడు ఆవిష్కరణల రేటును, అంటే ఎఫ్‌డీఆర్‌ను నియంత్రించాలి. ముందుగా రాసుకున్న మూడు జన్యువులకు మాత్రం విడిగా, మూడు పరీక్షలకు సరిపడా దిద్దుబాటు చాలు. ప్రశ్నను కుదించుకోవడం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇక్కడ అనుభవానికి వస్తుంది.

ఆరవ మెట్టు: చిన్న మార్పులను చిన్నవిగానే చదవడం

క్యాన్సర్ కణితుల మీద రాసిన పాఠాలు చూసి నేర్చుకున్న విద్యార్థులు వ్యక్తీకరణ రెండు రెట్లు మారితేనే మార్పు అన్న గీతను ఇక్కడ కూడా గీస్తారు. ఆ గీతతో స్కిజోఫ్రీనియాలో దాదాపు ఏమీ మిగలదు. కామన్‌మైండ్ కన్సార్టియం 2016లో 258 మంది రోగుల, 279 మంది ఆరోగ్యవంతుల ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ను సీక్వెన్సింగ్‌తో పోల్చినప్పుడు ఎఫ్‌డీఆర్ 5 శాతం వద్ద 693 జన్యువుల్లో తేడా కనిపించింది. వాటిలో మార్పు పరిమాణం 1.03 నుంచి 1.33 రెట్ల మధ్యనే ఉంది. లాగరిథమ్‌లో చూస్తే ఇది 0.04 నుంచి 0.41 వరకు. ఐదు వందలకు పైగా మెదళ్లతో దొరికినది ఇంత చిన్న మార్పు అయినప్పుడు, ముప్ఫై చిల్లర మెదళ్లతో మీ విశ్లేషణలో ఎఫ్‌డీఆర్ దాటిన జన్యువు ఒక్కటీ లేకపోయినా అది ప్రాజెక్టు వైఫల్యం కాదు. ఆ మాటను అలాగే రాయండి. వైవాలో ఎవరైనా పెదవి విరిస్తే, ఈ రెండు అధ్యయనాల నమూనాల సంఖ్యలను పక్కపక్కన చూపండి.

ఒక్కొక్క జన్యువు గీత దాటకపోయినా ఒకే పనికి చెందిన వందల జన్యువులు కలిసికట్టుగా ఒకే దిశలో జరిగి ఉండవచ్చు. దానికి జన్యు సమూహ విశ్లేషణ ఉంది. లిమ్మాలోనే ఉన్న కెమెరా అనే పద్ధతి సరిపోతుంది. జాబితాలో పైన మైటోకాండ్రియా సమూహాలు వస్తే వెంటనే మూడవ మెట్టుకు తిరిగి వెళ్లి పీహెచ్‌ను మళ్లీ చూడండి.

ఏడవ మెట్టు: కణాల పాళ్లు

అనుభవజ్ఞులు కూడా తడబడే చోటు ఇదే కనుక కొంచెం నిదానంగా చూద్దాం. మెదడు ముక్కను నూరి ఆర్‌ఎన్‌ఏ తీసినప్పుడు అందులో నాడీకణాలు, ఆస్ట్రోసైట్లు, ఆలిగోడెండ్రోసైట్లు, మైక్రోగ్లియా, రక్తనాళాల కణాలు అన్నీ కలిసిపోతాయి. ఒక జన్యువు గాబా నాడీకణాల్లో మాత్రమే పనిచేస్తుందనుకుందాం. ఒక ముక్కలో ఆ కణాలు నూటికి 10, మరో ముక్కలో నూటికి 9 ఉన్నాయనుకుందాం. ఏ కణంలోనూ ఏ మార్పూ లేకపోయినా రెండో ముక్కలో ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏ 10 శాతం తగ్గి కనిపిస్తుంది. లాగరిథమ్‌లో అది మైనస్ 0.15. పైన చెప్పిన నిజమైన జబ్బు మార్పుల పరిమాణం కూడా సరిగ్గా ఆ స్థాయిలోదే. కోత కొంచెం తెల్ల పదార్థం వైపు జరిగినా చాలు, ఇంత తేడా వచ్చేస్తుంది.

కణాల పాళ్లను అంచనా వేయడానికి ఒక్కో రకం కణానికి ప్రత్యేకమైన గుర్తు జన్యువులను వాడతారు: ఆస్ట్రోసైట్లకు ఏక్యూపీ4, ఆలిగోడెండ్రోసైట్లకు ఎంఓజీ, మైక్రోగ్లియాకు పీ2ఆర్‌వై12 వంటివి. బ్రెటీజియా అనే ప్యాకేజీ ఈ పనిని మెదడు కోసమే చేస్తుంది. వచ్చిన అంచనాలను గణాంక నమూనాలో చేర్చి, చేర్చకముందు, చేర్చిన తరువాత మీ మూడు జన్యువుల ఫలితం ఎలా మారిందో పట్టికగా ఇవ్వండి.

అయితే ఒక జాగ్రత్త అవసరం. జీఏడీ1 తగ్గిందా అన్నది మీ ప్రశ్న అయినప్పుడు గాబా నాడీకణాల పాళ్లను లెక్కించడానికి జీఏడీ1నే, లేదా పీవీఏఎల్‌బీనే గుర్తుగా వాడకూడదు. వాడితే, ఏ తేడాను వెతుకుతున్నారో దానినే లెక్కలోంచి తుడిచేసినట్లవుతుంది. గణితంతో తేలని ఈ చిక్కును సూక్ష్మదర్శిని తేల్చింది. 2003లో లూయిస్ బృందం కణస్థాయిలో చూసినప్పుడు పార్వాల్బుమిన్ నాడీకణాల సాంద్రత రోగుల్లో తగ్గలేదు, ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏ తగ్గింది. ఆ కణాల్లో సుమారు సగం వాటిలో జీఏడీ1 ఆర్‌ఎన్‌ఏ గుర్తించదగిన స్థాయిలో లేదు. అంటే కణాలు చనిపోలేదు, వాటి పనితీరు మారింది. మీ చర్చా విభాగంలో ఈ అధ్యయనం ఉండి తీరాలి.

ఒక్కో కణపు కేంద్రకాన్ని విడదీసి ఆర్‌ఎన్‌ఏ చదివే పద్ధతి వచ్చాక చిత్రం మరింత స్పష్టమైంది. 2024లో 140 మంది మెదళ్ల నుంచి 4.68 లక్షలకు పైగా కేంద్రకాలను పరిశీలించిన అధ్యయనంలో ఉత్తేజక నాడీకణాల్లోనే ఎక్కువ మార్పులు కనిపించాయి. అదే సంవత్సరం 191 మంది దాతల మీద వచ్చిన మరో అధ్యయనం, నాడీకణాల్లో నాడీసంధి జన్యువులూ ఆస్ట్రోసైట్లలో వాటికి తోడ్పడే జన్యువులూ ఒకదానితో ఒకటి కలిసి తగ్గుతాయని, ఈ తగ్గుదల స్కిజోఫ్రీనియాలోనూ వృద్ధాప్యంలోనూ కనిపిస్తుందని చూపింది.

ఎనిమిదవ మెట్టు: మందుల ప్రశ్న

దాతల్లో ఎక్కువమంది ఏళ్ల తరబడి యాంటీసైకోటిక్ మందులు వాడినవారే. మన జిల్లాల ఆసుపత్రుల్లో కూడా రాసే రిస్పెరిడోన్, ఒలాంజపైన్, హాలోపెరిడాల్ వంటివి మెదడులో ఆర్‌ఎన్‌ఏ మట్టాలను మార్చగలవు. ఆరోగ్యవంతుల గుంపులో ఈ మందులు వాడినవారు ఉండరు కాబట్టి గణాంక సవరణ దీనిని పూర్తిగా తీర్చలేదు. రోగుల్లోనే మందు వాడిన, వాడని వారిని పోల్చడం ఒక మార్గం. అవే మందులు ఇచ్చిన కోతుల కార్టెక్స్‌లో అదే జన్యువు మారిందో లేదో ప్రచురిత అధ్యయనాల్లో వెతకడం రెండో మార్గం. పొగతాగే అలవాటు కూడా రోగుల్లో ఎక్కువ; దానినీ పరిమితుల్లో పేర్కొనండి.

తొమ్మిదవ మెట్టు: కారణమా, పర్యవసానమా

జబ్బు మొదలై దశాబ్దాలు గడిచిన మెదడులో కనిపించిన మార్పు జబ్బుకు కారణమో, దాని పర్యవసానమో ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే చెప్పదు. పుట్టుకతో వచ్చే డీఎన్‌ఏ మందుల వల్ల గానీ మరణ విధానం వల్ల గానీ మారదు కాబట్టి, జన్యుపటంలోని ముప్పు స్థానాలతో వ్యక్తీకరణను జత చేసి చూస్తే దిశ కొంత తెలుస్తుంది. దీనికి ఉత్తమ ఉదాహరణ ఆరో క్రోమోజోము మీది సీ4 జన్యువు. 2016లో స్టీవెన్ మెకారల్, బెత్ స్టీవెన్స్ బృందాలు, ఈ జన్యువు నిర్మాణంలోని కొన్ని రూపాలు మెదడులో దాని రెండు రకాల్లో (సీ4ఏ, సీ4బీ) ఒకటైన సీ4ఏ వ్యక్తీకరణను పెంచుతాయని, ఎంత పెంచితే ముప్పు అంత పెరుగుతుందని చూపాయి. ఎలుకల్లో ఈ ప్రోటీను నాడీసంధుల కత్తిరింపులో పాల్గొంటుంది. కామన్‌మైండ్ పనిలో ఫ్యూరిన్ జన్యువు కూడా ఇలాగే తేలింది. ముప్పు రూపం ఉన్నవారిలో దాని వ్యక్తీకరణ తక్కువ.

మీ చిప్ డేటాలో సీ4ఏ కోసం వెతికి సంబరపడేముందు ఒక విషయం గుర్తుంచుకోండి. సీ4ఏ, సీ4బీ జన్యువుల క్రమాలు దాదాపు ఒకటే. ఈ చిప్‌లోని ప్రోబు రెండింటినీ వేరు చేయలేదు. అదే విధంగా ఒక జన్యువు నుంచి వచ్చే వేర్వేరు ఆర్‌ఎన్‌ఏ రూపాలను కూడా ఇది సరిగా చూడలేదు. సైక్‌ఎన్‌కోడ్ ప్రాజెక్టు 2018లో 1,695 మంది మెదళ్లను చూసినప్పుడు జబ్బు ప్రభావం ఎక్కువగా కనిపించింది ఆ రూపాల స్థాయిలోనే.

దాతల్లో మనవారు దాదాపు లేరన్నది మరో పరిమితి. ఈ డేటా సంపుటాల్లో ఎక్కువమంది యూరోపియన్ సంతతివారు. దక్షిణ భారతీయుల మీద జన్యుపట స్థాయి అధ్యయనం జరగకపోలేదు. నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు గంటల దూరంలో ఉన్న చెన్నైలోని స్కిజోఫ్రీనియా పరిశోధనా సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి 3,092 మందితో చేసిన ఆ పని 2019లో వెలువడి, నియాసిన్ జీవక్రియలో పాల్గొనే ఎన్‌ఏపీఆర్‌టీ1 జన్యువును ముందుకు తెచ్చింది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి మెదడు భాండాగారం ఉంది. మెదడు దానం గురించి మన కుటుంబాల్లో మాట్లాడుకోవడం మొదలైతే ఈ లోటు కొంతైనా తీరుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పదవ మెట్టు: సరిచూడడం, రాయడం, మాట్లాడడం

రెండో సంపుటి జీఎస్ఈ21138లో అదే గణాంక నమూనాతో అదే విశ్లేషణ చేయండి. పీ విలువ కన్నా ముందు మార్పు దిశను, పరిమాణాన్ని పోల్చండి. మొదటిదానిలో మైనస్ 0.2 ఉన్న జన్యువు రెండోదానిలో మైనస్ 0.15 అయితే, పీ విలువ గీత దాటకపోయినా అది బలమైన సాక్ష్యమే. మొదటిదానిలో తగ్గి, రెండోదానిలో పెరిగితే దానిని నిర్ధారణగా ప్రకటించవద్దు.

ఈ ప్రాజెక్టు చేస్తున్నారని తెలిస్తే ఊళ్లో ఎవరో ఒకరు మిమ్మల్ని అడుగుతారు: "మావాడికి ఈ రక్త పరీక్ష చేయిస్తే జబ్బు ఉందో లేదో తెలుస్తుందా బాబూ?" లేదు అని స్పష్టంగా చెప్పండి. స్కిజోఫ్రీనియాను నిర్ధారించే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఏదీ నేడు వైద్యంలో లేదు. లక్షణాలను బట్టి మానసిక వైద్యులే నిర్ధారిస్తారు. గుంపుల సగటుల్లో కనిపించే పది శాతం తేడా ఒక వ్యక్తి గురించి ఏమీ చెప్పదు. ఏఎస్ పేట దర్గాకు బిడ్డను తీసుకువెళ్లి ఉపశమనం కోరే తల్లిదండ్రుల విశ్వాసాన్ని తప్పుపట్టకుండానే, దానితో పాటు ఆసుపత్రి మందులు ఆపవద్దని, దగ్గరలో వైద్యుడు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చని చెప్పండి. "జన్యువుల జబ్బు" అన్న మాట పెళ్లి సంబంధాల దాకా పాకి, ఇంట్లో మిగతావారిని కూడా నొప్పిస్తుంది కాబట్టి ఆ మాటను తేలికగా వాడవద్దు.

నివేదికలో ఏ నమూనాలను తీసివేశారు, ఎందుకు తీసివేశారు, ఏ ప్యాకేజీ ఏ వెర్షను, గణాంక నమూనాలో ఏయే వివరాలు ఉన్నాయి అన్నవి పూర్తిగా రాయండి. ముందుగా సంతకం చేయించిన ప్రశ్న పేజీ ప్రతిని అనుబంధంగా జతచేయండి. ఆర్ స్క్రిప్టును, చివరి పట్టికలను పెన్‌డ్రైవులో కాక కళాశాల డ్రైవులో ఉంచి, వచ్చే ఏడాది బ్యాచి అక్కడి నుంచే మొదలుపెట్టేలా గైడుగారికి అప్పగించండి.